గాలోడి మెడలో గుదికొయ్య

నేను ఒక గుదికొయ్యను. నన్ను చెట్టు నుంచి నరికిన పొద్దున ఆకాశం పాలిపోయి ఉంది. రాత్రంతా ఊరించిన మబ్బు తెల్లవారేసరికి పడమటి గుట్టల మీదికి జారుకుంటోంది. సూర్యుడు ఇంకా పైకి రాలేదు గానీ వేడి అప్పుడే వచ్చేసింది. ఓబులేసు అనే రైతు గొడ్డలి భుజాన వేసుకుని, పోతున్న మబ్బును చూసి, కాండ్రించి ఉమ్మి, ఆ కోపమంతా ఒక నల్లతుమ్మ కొమ్మ మీద తీర్చుకున్నాడు. ఆ కొమ్మలో ముక్కను నేను.

పట్నంలో పుట్టిన వాళ్ళకు నేనెవరో తెలియకపోవచ్చు. కంచెలు దూకే ఆవుకో, మీదికొచ్చే ఎద్దుకో మెడలో తాడు కట్టి, దానికి ఒక కట్టెను వేలాడదీస్తారు. అది ముందరి కాళ్ళ మధ్య మోకాళ్ళ కిందికి దిగుతుంది. ఆ కట్టెనే గుదికొయ్య అంటారు. పశువు నిదానంగా నడిస్తే నేను అటూ ఇటూ ఊగుతాను. పరుగెత్తితే కాళ్ళ మీద కొడతాను. నాకు తెలిసిన పని ఇంతే. ఏది మంచి పశువో, ఏది చెడ్డ పశువో నాకు తెలియదు. వేగం ఒక్కటే తెలుసు.

మొదట నేను ఓబులేసు ఎర్రావు మెడలో ఉన్నాను. అది పరాయి చేలల్లో పడి శనగ తీగ మేస్తుందని ఊరంతా గోల. పొద్దు గుంకే వేళ కట్టు విప్పి దాన్ని ఆ చేల వైపు మళ్ళించేది ఓబులేసే. జనం తగువుకొస్తే మాత్రం, "ఇదో, గుదికొయ్య గూడా ఏసినా. ఇంకేం జెయ్యమంటారప్పా?" అని నన్ను ఎత్తి చూపేవాడు. ఆవుకు నేను శిక్షను, ఓబులేసుకు సాక్షిని. ఆవు నాకంటే తెలివైంది. తల ఒక పక్కకు వంచి, నన్ను డొక్కకు ఆనించుకుని నడవడం నేర్చుకుంది. మేత మాత్రం మానలేదు. దాన్ని సంతకు తోలుకుపోయాక నన్ను వసారా చూరులో, విరిగిన నాగలి మేడి పక్కన దోపారు. అక్కడే ఎండి, పొగచూరి, మరింత గట్టిపడ్డాను.

నన్ను మళ్ళీ కిందికి దించింది ఒక కుక్క.

ఊరి పేరు కాకులదిన్నె. ఆ దిన్నె చివర గొర్రెల కాపరి కెంచప్ప ఇల్లు. కెంచప్ప కరువులోనూ మందను నిలబెట్టిన మనిషి. గొర్రెపిల్లలకు మేత కొమ్మలు కొట్టబోయి చెట్టు మీద నుంచి పడ్డాడు. నడుము దగ్గర ఏదో తెగింది. అప్పటి నుంచి ఆయన లోకమంతా వాకిట్లో నులకమంచం. కాళ్ళు ఉన్నాయి గానీ ఆయన మాట వినవు.

పడిన కొత్తలో తమ్ముడు తిప్పన్న అన్న మందను తన మందలో కలుపుకుని మేపాడు. తిప్పన్న చెడ్డవాడు కాదు. కానీ కలిసిన గొర్రెలకు మెల్లగా ఒకే గుర్తు పడుతుందని కెంచప్ప భార్య సుంకమ్మకు తెలుసు. మంద చేజారిపోతే తన మొగుడు తమ్ముడి ఇంట్లో మంచం మీద ఒక తిండి మనిషిగా మిగులుతాడు. తను ఆ ఇంటికి నీళ్ళు మోస్తుంది. ఆ బతుకు ఆమెకు ఇష్టం లేదు. ఒకరోజు పొద్దున్నే పోయి, తిప్పన్న రొప్పంలో, అంటే ఆ ముళ్ళకంచె దొడ్డిలో, తన గొర్రెలను ఒక్కొక్కదాన్నే చెవి పట్టి వేరు చేసి తోలుకొచ్చింది.

"ఆడమనిషివి. గుట్టల్లో తోడేళ్ళు తిరుగుతాండాయి వదినా," అన్నాడు తిప్పన్న.

"కుక్క ఉండాది గదబ్బీ."

"ఆ కుక్క! అది తోడేలును జూస్తే ఆడుకుందాం రమ్మంటాది. నీకే లొంగదు, మందను కాస్తాదా? సూస్తాండు. నీ చేత గాలేదంటే మంద మళ్ళా నా దగ్గరికే రావల్ల."

మాట అక్కడికి వచ్చి నిలిచింది. కుక్క అదుపులో ఉంటే మంద సుంకమ్మది. లేకపోతే తిప్పన్నది.

కుక్క పేరు గాలోడు. నల్లటి ఒళ్ళు, కనుబొమల మీద గోధుమ చుక్కలు, ఎండుగడ్డి ఆకు లాంటి పొడుగు కాళ్ళు. కెంచప్ప దాన్ని కూనగా తెచ్చి, తన వెంట గుట్టలన్నీ తిప్పి పెంచాడు. పొద్దంతా పరుగెత్తి, సాయంత్రానికి నాలుక వేలాడేసుకుని మంచం కింద పడి నిద్రపోయేది. కెంచప్ప పడిన తరువాత దాన్ని మంచం కోడుకు కట్టేశారు. దాని ఒంట్లో మాత్రం రోజూ గుట్టలెక్కేంత పరుగు పుడుతూనే ఉంది. అది పోవడానికి దారి లేదు. కట్టు విప్పితే చాలు, మనిషి కనబడితే మీదికి ఎగిరేది. ముఖం నాకేది. పైట పట్టి లాగేది. కడవలు దొర్లించేది. సుంకమ్మ మందను తోలుకుపోతే గొర్రెల చుట్టూ సుడిగాలిలా తిరిగేది. చూడి గొర్రెలు బెదిరి పరుగు తీసేవి. ఒక గొర్రె ఈసుకపోయి, నెలలు నిండని పిల్లను పడేసింది కూడా. ఆమె అరిచేది. ఆమె ఎంత గట్టిగా అరిస్తే అది అంత ఎత్తుకు ఎగిరేది.

ఒకరోజు ఓబులేసు తల్లి వీధిలో చాట పట్టుకుని నడుస్తోంది. గాలోడు ఆమెను చూసి సంతోషం పట్టలేక భుజాల మీద రెండు కాళ్ళూ వేసింది. ముసలామె కింద పడింది. మణికట్టు విరిగింది.

ఆ సాయంత్రమే ఓబులేసు నన్ను చూరులోంచి లాగాడు. ఆవు కొలతకు ఉన్న నన్ను రంపంతో సగానికి కోశాడు. కోసిన ముక్క ఏ పొయ్యిలోకి పోయిందో నాకు తెలియదు. మిగిలిన నన్ను పట్టుకుని కెంచప్ప వాకిట్లోకి వచ్చాడు. వెనకే తిప్పన్న.

"సుంకమ్మా, మాయమ్మ చెయ్యి సూస్తివి గదా. పట్టీ ఏసినారు. ఎనభై ఏండ్ల ముసిల్దాని ఎముక మళ్ళా అతుకుతాదా?"

"తప్పయిపోయిందన్నా."

"తప్పు నీది గాదు. దానిది. ఇదో, ఈ కొయ్య ఎయ్యి. లేదంటే ఊరోళ్ళే దానికి మందు పెడతారు. నేను పెట్టను, ముందే జెప్తాండ. పెట్టేవోళ్ళు పెడతారు."

మంచం మీద నుంచి కెంచప్ప నవ్వాడు. "కుక్కకు గుదికొయ్యేంది ఓబులేసా? రేపు పిల్లికి కాడి గడ్తావా?"

"నువ్వు మంచంలో పండుకోని ఎన్నైనా జెప్తావు."

కెంచప్ప ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. తిప్పన్న నేల చూశాడు. అన్నను ఒకరు అలా అంటుంటే ఊరుకున్నందుకు సిగ్గుపడినట్టున్నాడు. కానీ కాసేపటికి, "ఎయ్యి వదినా, సూద్దాం," అన్నాడు.

సుంకమ్మ నన్ను చేతిలోకి తీసుకుంది. నా బరువు చూసింది. తరువాత గాలోడిని మోకాళ్ళ మధ్య నొక్కిపట్టింది. తిప్పన్న తాడు బిగించాడు. గాలోడు ఇదీ ఒక ఆటేననుకుని ఆయన చేతులు నాకుతూనే ఉంది. ముడి పడ్డాక ఒక్క ఎగురు ఎగిరింది. నేను దాని ముందరి కాళ్ళ ఎముకల మీద పడ్డాను. అది ఆగి, కిందికి చూసి, మళ్ళీ ఎగిరింది. మళ్ళీ పడ్డాను.

ఆవు మెడలో ఉన్నప్పుడు నాకు ఆవు లోపలి సంగతి పెద్దగా తెలిసేది కాదు. మెడ లావు, చర్మం మందం. కుక్క మెడ అలా కాదు. గొంతులో ప్రతి కదలికా తాడు మీదుగా నాలోకి వచ్చేది. మొరుగు నోటిదాకా రాకముందే నాకు తెలిసేది. మొదటి రోజుల్లో ఆ గొంతు నిండా పిలుపులే. ఆ తరువాత పిలుపులు తగ్గాయి. మనిషిని చూసినప్పుడు లోపల పుట్టే ఆ చిన్న గలగల ఆగిపోయింది. దాని స్థానంలో ఇంకేదో సన్నటి గురక మొదలైంది. అది బయటికి వినబడేది కాదు.

బయటికి కనబడింది మాత్రం ఊరికి నచ్చింది. గాలోడు తల దించుకుని నడుస్తోంది. ఎవరి మీదికీ ఎగరడం లేదు. వీధిలో జనం ఆగి మెచ్చుకున్నారు. "సూడు, ఎట్ల బుద్ధొచ్చెనో!" అన్నారు. ఓబులేసు నన్ను తను చెక్కిన సంగతి నలుగురికీ చెప్పుకున్నాడు. తిప్పన్న తేలికగా ఊపిరి పీల్చుకున్నాడు. మనుషుల సంగతి నాకు అంతగా తెలియదు గానీ, ఒక ప్రాణి గోల చేయడం మానేస్తే అది బాగుపడిందని వాళ్ళు ఎందుకు అనుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

సుంకమ్మ కూడా మొదట సంతోషించింది. గొర్రెలు చెదరడం లేదు. మంద తన చేతిలోనే ఉంది. కానీ ఆమెది చూసే కన్ను. కొన్నాళ్ళకు కుక్క తోక ఊపడం మానేసిందని గమనించింది. మనుషులు దగ్గరికి వస్తే దాని చెవులు వెనక్కి అతుక్కుపోతున్నాయి. కుండ పెట్టినప్పుడు తినే ముందు అటూ ఇటూ చూస్తోంది. ఆ మాట మొగుడితో అంది.

"ఇంతకు ముందు అది ఏం జేస్తాదో దాన్ని జూస్తే తెలిసేది. ఇప్పుడు తెలీడంల్యా," అంది.

"ఇంతకు ముందు అది మాట్లాడతాండె. మీరు నోరు కట్టేస్తిరి," అన్నాడు కెంచప్ప.

మరునాడు మధ్యాహ్నం గాలోడు మంచం పక్కన పడుకుని ఉంది. కెంచప్ప చెయ్యి కిందికి వేలాడదీసి, ఎప్పటిలాగే దాని మెడ నిమరబోయాడు. తాడు ఒరిపిడికి మెడ కింద తోలు ఊడి, పుండై, ఈగలు ముసిరి ఉన్నాయి. ఆయన వేలు సరిగ్గా అక్కడ పడింది. నేను గొంతులో ఆ సన్నటి గురక ఒక్కసారిగా పెరగడం విన్నాను. మొరుగు లేదు. హెచ్చరిక లేదు. పళ్ళు ఆయన అరచేతిలో దిగాయి.

సుంకమ్మ పరుగున వచ్చేసరికి మంచం కింద నెత్తురు. కుక్క గోడ మూలకు నక్కి వణుకుతోంది. ఆమె పొయ్యి దగ్గర నుంచి కట్టె లాగి ఎత్తింది.

"కొట్టద్దు," అన్నాడు కెంచప్ప. చేతిని ధోవతిలో చుట్టుకున్నాడు. "కరిసింది కుక్క గాదు సుంకీ. పుండు. దాని మెడకింద జూడు."

ఆమె కట్టె దించింది. కుక్క దగ్గర కూర్చుంది. వెంటనే ముట్టుకోలేదు. అది వణకడం ఆగేదాకా అలాగే కూర్చుంది. తరువాత తాడు కింద వేళ్ళు పెట్టి, పుండు చూసి, ముందరి కాళ్ళ మీద నేను చేసిన వాపు చూసింది. ముడి విప్పి నన్ను తీసేసింది. గోడకున్న కొయ్యమేకుకు తగిలించింది. అక్కడి నుంచి ఆ వాకిలంతా నాకు కనబడేది.

పుండుకు పసుపూ వేపనూనే రాసింది. మొగుడిని ఆటోలో మండలం ఆసుపత్రికి తీసుకుపోయి సూది వేయించింది. నెల లోపల ఇంకా మూడు సూదులు వేయించాలన్నారు. కుక్క కరిచిన సంగతి తిప్పన్నకు తెలియకుండా ఉంచడం కుదరలేదు.

"ఇంగ అది ఉండకూడదు వదినా. సొంత మనిషినే కరిసె."

"ఆఖరు సూది ఏసేదాకా ఆగబ్బీ. అప్పటికీ దాన్ని నేను దారికి తేలేకపోతే నువ్వే తీసకపో. కుక్కను, మందను, రెండూ."

ఆ మాట అనేటప్పుడు ఆమె మొగుడి వైపు చూడలేదు. మొగుడు మాత్రం ఆమెనే చూస్తున్నాడు.

మరునాటి నుంచి మొదలైంది ఆమె పని. మందను విప్పకముందే, తెల్లారుజామున, గాలోడి మెడకు కాకుండా చంకల కింద మెత్తటి పాత చీర గుడ్డ చుట్టి, దానికి పొడుగు తాడు కట్టి, రెండో కొస తన నడుముకు కట్టుకుని వంక దాకా పోయేది. వంక ఇసకలో తాడు వదిలేది. పరుగు తనివి తీరేదాకా పరుగెత్తనిచ్చేది. అది నాలుక వేలాడేసుకుని తిరిగొచ్చాకే ఇంటికి. ఆ తరువాత వాకిట్లో కెంచప్ప మంచం మీద నుంచి చెప్పేవాడు, ఆమె చేసేది.

"మీదికి ఎగిరినప్పుడు అరవద్దు. నువ్వు అరిస్తే అది పాటనుకుంటాది."

"మరేం జెయ్యల్ల? మంగళారతి ఇయ్యల్నా?"

"వీపు తిప్పు. బండరాయి మాదిరి నిలబడు. నీ మొగం దానికి గావల్ల. అదే ఇయ్యద్దు."

ఆమె వీపు తిప్పింది. గాలోడు వీపు మీదికి ఎగిరింది. జడ పట్టి లాగింది. ముందుకు తిరిగొచ్చి ఎగిరింది. ఆమె మళ్ళీ వీపు తిప్పింది. చూసేవాళ్ళకు ఇద్దరూ కలిసి గొబ్బి ఆడుతున్నట్టు ఉంది. పక్కింటి గోడ మీద నుంచి ఎవరో నవ్వారు కూడా. చివరికి కుక్క ఆగింది. ఇదేమిటో అర్థం కాక, వెనకకాళ్ళ మీద కూలబడి ఆమె ముఖంలోకి చూసింది.

"ఇప్పుడు! ఇప్పుడు పెట్టు! కూసో అను, పెట్టు!" అని కెంచప్ప మంచంలో లేవబోయాడు, లేవలేనని మరిచిపోయి.

"కూసో," అంది ఆమె. సంగటి ముద్దలోంచి చిటికెడు తీసి దాని నోట్లో పెట్టింది. మెడ కాకుండా రొమ్ము నిమిరింది.

ఇలా రోజులు గడిచాయి. అంతా నున్నగా సాగలేదు. ఒకరోజు మళ్ళీ గొర్రెల మధ్యకు దూకింది. తాడు పట్టుకున్న ఆమెను నేల మీద ఈడ్చుకుపోయింది, ఆమె మోచేతులు గీరుకుపోయాయి. ఆ రాత్రి అన్నం తినకుండా కూర్చుంది. "నా వల్ల కాదయ్యా," అంది. "నీ వల్ల కాకుంటే ఇంకెవరి వల్లా కాదు," అన్నాడాయన. మళ్ళీ పొద్దున్నే లేచింది.

మెల్లగా తోక తిరిగి కదిలింది. గాలోడు గాలోడే. మందగించలేదు. కానీ పరుగుకు ఒక చోటుంది, ఆగడానికి ఒక మాటుంది. కూసో అంటే అది ఎక్కడున్నా కూర్చునేది. తల వంచి, నిమిరే చేతి కోసం ఎదురు చూసేది. ఆ మాట తరువాత ఎప్పుడూ మంచే జరిగింది దానికి. అందుకే ఆ మాటంటే అంత నమ్మకం. మంద చుట్టూ ఇప్పుడది దూరంగా, పెద్ద చుట్టు తిరిగేది. గొర్రెలు దాన్ని చూసి బెదరడం మానేశాయి. ఒకరోజు ఓబులేసు తల్లి పట్టీ చేత్తోనే వాకిట్లోకి వస్తే, అది ఎగరబోయి, ఆగి, కూర్చుంది. ముసలామె దూరం నుంచే, "ఇదేందే, దీనికి ఏ దేవుడు పూనె!" అంది.

సుంకమ్మ ముఖంలో నేను మొదటిసారి నవ్వు చూశాను.

నడుమ రెండు సూదులూ ఊరికొచ్చిన నర్సమ్మ వేసింది. ఆఖరి సూదికి ఆసుపత్రికే పోవాల్సిన రోజు వచ్చింది. కెంచప్పను ఎత్తి కూర్చోబెట్టాలంటే సుంకమ్మ వెంట ఉండాల్సిందే. ఆ ఒక్క పొద్దుకు మందను తోలుకుపోమని తిప్పన్నను అడిగింది.

"గాలోడు నీ ఎంట వస్తాది. తాడక్కర్లేదు. అరవద్దు, అంతే. కూసో అంటే కూసుంటాది."

"సరే వదినా. నువ్వు పో. నేను జూసుకుంటా."

ఆటో మలుపు తిరిగింది. తిప్పన్న వాకిట్లో నిలబడి కుక్కను చూశాడు. కుక్క ఆయనను చూసి తోక ఊపింది. అన్న చేతికి కట్టిన గుడ్డను ఆయన ఇప్పుడే చూశాడు. గొర్రెలు తనవి కావు. ఏదైనా జరిగితే వదినకు జవాబు చెప్పాల్సింది తను. ఆయన భయం నాకు అర్థమైంది. మనుషులు భయపడినప్పుడు తమకు తెలిసిన పాత పనే చేస్తారు. ఆయన చెయ్యి గోడ మీదికి, నా మీదికి వచ్చింది.

"ఒక్క పొద్దే గదా," అని తనలో తాను అనుకున్నాడు.

నన్ను వీపు వెనక దాచుకుని కుక్క దగ్గరికి పోయాడు. "కూసో," అన్నాడు.

గాలోడు కూర్చుంది. తల వంచింది.

పాత పుండు మీద కొత్త తోలు పలచగా వచ్చింది. తాడు సరిగ్గా దాని మీదే పడింది. ముడి బిగిసింది. అది తల ఎత్తి తిప్పన్నను చూసింది. ఇంకా ఏదో ఇస్తాడని కాసేపు అలాగే కూర్చుంది.

ఆ పొద్దు మబ్బుగా ఉంది. గుట్ట వాలులో గొర్రెలు చెదిరి మేస్తున్నాయి. కురచగా నడుస్తూ గాలోడు మంద కింది అంచున ఉంది. తిప్పన్న పైన ఒక బండ నీడన కూర్చుని వక్కాకు నములుతున్నాడు. ముందు నాకు తెలిసింది. గొంతులో పాత గురక కాదు, కొత్తది, లోతుగా. కలే పొదల అవతల ఒక తోడేలు నిలబడి ఉంది. దాక్కోవడానికి కూడా ప్రయత్నించడం లేదు. కుక్కను తన వైపు లాగడానికే అది నిలబడింది. రెండోది పక్క నుంచి గొర్రెపిల్లల వైపు వస్తోంది.

గాలోడికి ఆ ఎత్తు తెలిసింది. ఎదురుగా ఉన్నదాన్ని వదిలేసి, పక్కదాని మీదికి తిరిగింది. తిరిగింది అంటే, తిరగబోయింది. నేను ముందరి కాళ్ళ మధ్య పడ్డాను. తూలింది. లేచి పరుగెత్తింది. నేను కొడుతూనే ఉన్నాను, అది పరుగెత్తుతూనే ఉంది. ఎముకల మీద నా చప్పుడు గుట్టంతా వినబడింది. అయినా గొర్రెపిల్లకూ తోడేలుకూ మధ్యకు చేరింది. చేరి మొరిగింది. తోడేలు వెనక్కి తగ్గింది.

అప్పుడు మొదటిది వెనక నుంచి వచ్చింది. గాలోడు మెడ తిప్పాలి. నేను రెండు రాళ్ళ సందులో ఇరుక్కున్నాను. తాడు గట్టిగా నిలబడింది. అది బాగా పేనిన తాడు.

తిప్పన్న కర్ర తిప్పుతూ, నోటికొచ్చినట్టు కేకలు వేస్తూ దిగి వచ్చాడు. తోడేళ్ళు పొదల్లోకి పోయాయి. ఒక్క గొర్రె పోలేదు. ఒక్క పిల్ల పోలేదు. ఆయన ముడి విప్పబోయాడు. నెత్తురుకు తడిసి బిగిసిపోయింది, రాలేదు. నడుముకున్న కొడవలి తీసి తాడు కోశాడు. తాడు తెగగానే కుక్క లేచి మీదికి దూకుతుందేమోనని, అలవాటు కొద్దీ, ఒక అడుగు వెనక్కి వేశాడు.

అది లేవలేదు.

పొద్దు వాలే వేళ ఆటో తిరిగొచ్చింది. అప్పటికి మంద సుంకమ్మ రొప్పంలో ఉంది. రొప్పం వెనక కొత్తగా పూడ్చిన గుంత మీద తిప్పన్న ముళ్ళకంప పరుస్తున్నాడు, నక్కలు తవ్వకుండా. ఆయన చొక్కా భుజాల మీద నెత్తురు ఎండిపోయి ఉంది. గొర్రెపిల్లను మోసినట్టు కుక్కను మెడ మీద వేసుకుని అంత దూరం మోసుకొచ్చాడు. నన్ను చేత్తో పట్టుకొచ్చాడు.

సుంకమ్మ ముందు మొగుడిని మంచం మీదికి చేర్చింది. తలగడ సర్దింది. తరువాత రొప్పం దగ్గరికి పోయింది. గొర్రెలను చూసింది. గుంతను చూసింది. తిప్పన్న కాళ్ళ దగ్గర పడి ఉన్న నన్ను, నాకు వేలాడుతున్న తెగిన తాడును చూసింది.

"తోడేళ్ళు వదినా. రెండు," అన్నాడు. "మందకేం గాలేదు. అన్నీ ఉండాయి. నీ రొప్పంలోనే తోలినా."

ఆమె వంగి, తెగిన తాడు కొసను వేళ్ళతో పట్టుకుంది.

"భయమేసి ఏసినా వదినా. ఒక్క పొద్దే గదా అనుకుంటి." చేతిలోని కంపను కింద పెట్టాడు. "కూసో అన్నా. కూసుండె. తల గూడా వంచె."

సుంకమ్మ చేత్తో నోరు మూసుకుంది. ఆ మాట దానికి నేర్పింది తనే. చెయ్యి తీసి, పైటతో ముఖం తుడుచుకుని, "మంద సంగతి ఇంగెప్పుడూ ఎత్తద్దు," అంది.

"ఎత్తను."

"పో. చేతులు కడుక్కో."

ఇంట్లో పొయ్యి వెలిగింది. రాగిపిండి నీళ్ళు కుతకుతమన్నాయి. తిప్పన్న గడప దగ్గర నిలబడి, నన్ను తెచ్చి పొయ్యిలోకి తోయబోయాడు. సుంకమ్మ నన్ను ఆయన చేతిలోంచి లాక్కుని గోడ పక్కన పడేసింది.

"దాన్నెందుకబ్బీ కాల్చేది? అది ఏం జేసె?"

తిప్పన్న తలెత్తలేదు. పోవడానికి వెనక్కి తిరిగాడు.

"కూసోని తిని పో," అంది ఆమె.

సంగటి కెలికి, ముద్దలు చేసి, మూడు పళ్ళేల్లో పెట్టింది. పక్కన రోట్లో నూరిన పచ్చడి, ఊరుబిండి, వేసింది. మొగుడి పళ్ళెం మంచం మీద, తమ్ముడి పళ్ళెం మంచం పక్కన, తనది పొయ్యి దగ్గర. కెంచప్ప సూది వేసిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని రెండో చేత్తో తినడానికి తంటాలు పడ్డాడు. తిప్పన్న తన పళ్ళెం పక్కన పెట్టి, అన్న ముద్దను చిన్న ముక్కలుగా తుంచి, బిండి అద్ది, పళ్ళెం అంచున పేర్చాడు. కెంచప్ప ఒక్కొక్కటే తీసుకుని మింగాడు. రొప్పంలో గొర్రెలు నెమరు వేస్తున్నాయి. ముగ్గురూ తిన్నారు.